వాటర్ కూలింగ్‌లో చల్లబరిచేది నీళ్ళు కాదు, గాలి: రేడియేటర్, ఫ్యాన్‌లు ఎక్కడ, ఎటువైపు బిగించాలి?

ఈ ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకోబోయేది కంప్యూటర్ వాటర్ కూలింగ్ గురించి. అందులోనూ రెండే విషయాలు. రేడియేటర్ క్యాబినెట్‌లో ఎక్కడ పెట్టాలి? దానికి బిగించిన ఫ్యాన్‌లు ఏ వైపు నుంచి ఏ వైపుకి గాలి పంపాలి?

ఎండాకాలం వచ్చిందంటే ఈ ప్రశ్నలు ఎక్కువవుతాయి. "360 రేడియేటర్ పెట్టించాను, అయినా ప్రాసెసర్ 95 డిగ్రీలు చూపిస్తోంది. ఇంకా పెద్దది కొనాలా?" అని అడుగుతుంటారు. డబ్బులు తీసే ముందు ఒక్క అరగంట ఆగండి. పెద్దది కొనాల్సిన అవసరం చాలామందికి ఉండదు. ఉన్న రేడియేటర్‌ని సరైన చోట పెట్టి, దానికి బయటి గాలి అందేలా చేస్తే సరిపోతుంది. కొందరికైతే అసలు సమస్య రేడియేటర్‌లోనే ఉండదు. అది తెలుసుకోవడం ఎలాగో కూడా చెప్తాను.

ముందు ఒక మాట మనసులో పెట్టుకోండి. వాటర్ కూలింగ్ అనే పేరే మనల్ని కొంచెం తప్పుదారి పట్టిస్తుంది. నీళ్ళు ప్రాసెసర్‌ని చల్లబరుస్తాయి అనుకుంటాం. నిజానికి నీళ్ళు చేసేది హమాలీ పని. ప్రాసెసర్ దగ్గర వేడిని ఎత్తుకుంటాయి, రేడియేటర్ దాకా మోసుకెళ్తాయి, అక్కడ దించుతాయి. దించిన వేడిని బయటికి తీసుకుపోయేది గాలే. గాలి సరిగ్గా రాకపోతే హమాలీ బస్తా దించడానికి చోటుండదు. నీళ్ళు వేడిగానే వెనక్కి వస్తాయి. అంతే సంగతి.

ఇప్పుడు మూడు ఉష్ణోగ్రతలు గుర్తుపెట్టుకుందాం. ఒకటి, గదిలో గాలి. రెండు, గొట్టాల్లో తిరిగే నీళ్ళు. మూడు, చిప్, అంటే ప్రాసెసర్ లోపలి ఉష్ణోగ్రత. ఈ మూడింటి మధ్య రెండు తేడాలుంటాయి. గదికీ నీళ్ళకీ మధ్య ఉన్న తేడాని మొదటి తేడా అందాం. నీళ్ళకీ చిప్‌కీ మధ్య ఉన్నది రెండో తేడా.

మొదటి తేడా రేడియేటర్, ఫ్యాన్, గాలి దారి వీటి చేతిలో ఉంటుంది. రెండో తేడా వాటర్ బ్లాక్, థర్మల్ పేస్ట్, బ్లాక్ ఎంత గట్టిగా కూర్చుంది, చిప్ తయారీ ఎలాంటిది, దానికి ఎంత కరెంటు ఇస్తున్నాం అనే వాటి చేతిలో ఉంటుంది. రెండో తేడా ఎక్కువగా ఉన్నప్పుడు ఎంత పెద్ద రేడియేటర్ పెట్టినా లాభం తక్కువ.

ఉదాహరణ చెప్తాను. గది 34 డిగ్రీలు, నీళ్ళు 42 డిగ్రీలు, ప్రాసెసర్ 95 డిగ్రీలు అనుకోండి. మొదటి తేడా 8 డిగ్రీలే. రేడియేటర్ తన పని తను చక్కగా చేస్తోంది. మిగతా 53 డిగ్రీలూ నీళ్ళకీ చిప్‌కీ మధ్యే ఉన్నాయి. ఇక్కడ 420 రేడియేటర్ కొన్నా మహా అయితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి. ముందు పేస్ట్, బ్లాక్ స్క్రూలు చూసుకోవాలి. పైగా రైజెన్ 9 7950ఎక్స్ లాంటి ప్రాసెసర్లు పూర్తి లోడ్‌లో 95 డిగ్రీల దాకా వెళ్ళేలాగే తయారయ్యాయి. చల్లదనం మిగిలితే ఇంకాస్త వేగంగా నడిచి మళ్ళీ అక్కడికే చేరుకుంటాయి. కాబట్టి ఒక్క 95 అనే అంకె చూసి కంగారు పడక్కర్లేదు.

అదే గది 34, నీళ్ళు 56 ఉంటే? మొదటి తేడా 22 డిగ్రీలు. అప్పుడు మాత్రం గాలి దగ్గరే గొడవ ఉంది. ఈ ఎపిసోడ్ అంతా ఈ మొదటి తేడా గురించే.

నీళ్ళ ఉష్ణోగ్రత ఎలా తెలుస్తుంది అంటారా? ఏఐఓలు, అంటే పంపూ రేడియేటరూ కలిపి ఒకే సెట్టుగా వచ్చే కూలర్లు ఉన్నాయి కదా, వాటిలో చాలావాటికి సాఫ్ట్‌వేర్‌లో లిక్విడ్ టెంపరేచర్ అని కనిపిస్తుంది. సొంతంగా లూప్ కట్టుకున్నవాళ్ళు చిన్న సెన్సార్ ఒకటి పెట్టుకోవచ్చు. గది ఉష్ణోగ్రతకి మామూలు డిజిటల్ థర్మామీటర్ చాలు. దాన్ని గోడకి కాకుండా, క్యాబినెట్‌లోకి గాలి వెళ్ళే చోట పెట్టండి. మనకి కావలసింది గది సగటు కాదు, కంప్యూటర్ పీల్చుకుంటున్న గాలి ఉష్ణోగ్రత.

ఇక లెక్కల్లోకి వద్దాం. భయపడకండి, చిన్న లెక్కలే.

ఒక లీటరు నీళ్ళని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 4,200 జౌళ్ళు కావాలి. ఒక ఘనపు మీటరు గాలిని, అంటే వెయ్యి లీటర్ల గాలిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 1,200 జౌళ్ళు చాలు. అంటే ఒక లీటరు నీళ్ళు మోసే వేడిని మోయాలంటే మూడున్నర వేల లీటర్ల గాలి కావాలి. నీళ్ళు నిమిషానికి ఒకటి రెండు లీటర్లు తిరిగితే సరిపోతుంది గానీ, గాలి మాత్రం వేల లీటర్లు కదలాలి. అందుకే ఇరుకు ఎప్పుడూ గాలి దగ్గరే వస్తుంది, నీళ్ళ దగ్గర కాదు.

ఫ్యాన్ డబ్బాల మీద సీఎఫ్‌ఎం అని రాసి ఉంటుంది. నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి అని దాని అర్థం. ఒక క్యాబినెట్‌లోకి నిజంగా 60 సీఎఫ్‌ఎం గాలి వచ్చి పోతోంది అనుకుందాం. ఆ గాలిలోకి 300 వాట్ల వేడి కలిస్తే గాలి సుమారు 9 డిగ్రీలు వేడెక్కుతుంది. 200 వాట్లు కలిస్తే సుమారు 6 డిగ్రీలు. ఈ రెండు అంకెలూ గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్ళీ వస్తాయి.

ఇక్కడో హెచ్చరిక. డబ్బా మీద ఉన్న సీఎఫ్‌ఎం ఎదురుగా అడ్డేమీ లేనప్పుడు కొలిచినది. ఫ్యాన్ ముందు రేడియేటర్, దాని ముందు దుమ్ము ఫిల్టర్, దాని ముందు గాజు పలక ఉంటే ఆ అంకె సగానికో అంతకన్నా కిందికో పడిపోవడం మామూలే. అందుకని రేడియేటర్‌కి ఫ్యాన్ కొనేటప్పుడు సీఎఫ్‌ఎం ఒక్కటే కాదు, స్టాటిక్ ప్రెషర్ కూడా చూడాలి. అడ్డం ఉన్నా గాలిని నెట్టగలిగే బలం అది. డబ్బా మీద మిల్లీమీటర్ల నీటి మట్టంలో రాస్తారు. రెక్కలు వెడల్పుగా ఉండి, రెక్కల చివరకీ ఫ్రేముకీ మధ్య సందు తక్కువగా ఉండే ఫ్యాన్‌లు ఈ పనికి బాగుంటాయి.

రేడియేటర్ సైజుల విషయం త్వరగా చెప్పేస్తాను. 240 అంటే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్‌లు రెండు. 360 అంటే మూడు. 280 అంటే 140 మిల్లీమీటర్ల ఫ్యాన్‌లు రెండు. చాలామంది 280ని 240కి దగ్గరి చుట్టం అనుకుంటారు. వైశాల్యం లెక్కేస్తే 240 కన్నా 280 ముప్పై ఆరు శాతం పెద్దది. 280 కన్నా 360 పది శాతమే పెద్దది. మీ క్యాబినెట్‌లో 360 పట్టకపోయినా 280 పడితే దిగులు పడాల్సిన పనిలేదు.

మందం సంగతి. ఏఐఓ రేడియేటర్లు ఎక్కువగా 27 మిల్లీమీటర్ల దగ్గర ఉంటాయి. విడిగా దొరికేవి 45, 60 మిల్లీమీటర్ల మందంలో కూడా ఉంటాయి. మందం పెరిగితే చల్లదనం అదే లెక్కన పెరగదు. గాలి ముందు వరుసలు దాటేసరికే వేడెక్కిపోతుంది, వెనక వరుసలకి వేడి గాలే మిగులుతుంది. ఇంకోటి, రేడియేటర్ రెక్కలు ఎంత దగ్గర దగ్గరగా ఉన్నాయి అన్నది. అంగుళానికి 20 రెక్కలుంటే రెండు రెక్కల మధ్య సందు మిల్లీమీటరుకి కాస్త ఎక్కువ, అంతే. అందులోంచి గాలి పోవాలంటే ఫ్యాన్ జోరుగా తిరగాలి. పైగా మన ఇళ్ళల్లో దుమ్ము, దూది పీచు అందులో ఇట్టే ఇరుక్కుంటాయి. నెమ్మదిగా, చప్పుడు లేకుండా నడవాలనుకుంటే రెక్కలు కాస్త పలచగా ఉన్న రేడియేటరే మేలు.

ఇప్పుడు ఫ్యాన్ ఏ వైపు బిగించాలి? ముందు ఫ్యాన్ ఏ వైపు గాలి ఊదుతుందో గుర్తుపట్టాలి. మామూలుగా మోటారుని పట్టుకుని ఉండే కమ్మీలు ఏ వైపున్నాయో, గాలి ఆ వైపు నుంచి బయటికి వస్తుంది. తెరిచి కనిపించే రెక్కల వైపు నుంచి గాలి లోపలికి పోతుంది. కొన్ని ఫ్యాన్‌ల ఫ్రేము అంచు మీద బాణం గుర్తు కూడా ఉంటుంది. ఈ మధ్య అందం కోసం రివర్స్ బ్లేడ్ ఫ్యాన్‌లు వస్తున్నాయి, అవి దీనికి ఉల్టా. అనుమానం ఉంటే ఫ్యాన్ తిప్పి ఒక పలచని కాగితం ముక్క దగ్గర పెట్టి చూడండి. అతుక్కుంటే లోపలికి లాగుతోంది, ఎగిరిపోతే బయటికి ఊదుతోంది.

ఫ్యాన్ ముందుండి రేడియేటర్‌లోకి గాలి నెడితే దాన్ని పుష్ అంటారు. రేడియేటర్ వెనక ఉండి గాలి లాగితే పుల్ అంటారు. రెండు వైపులా పెడితే పుష్ పుల్. పుష్‌కీ పుల్‌కీ చల్లదనంలో తేడా ఒకటి రెండు డిగ్రీలకి మించదు. కానీ శుభ్రం చేసుకోవడంలో చాలా తేడా ఉంది. పుష్‌లో దుమ్ము ఫ్యాన్‌కీ రేడియేటర్‌కీ మధ్య, మన కంటికి కనబడని చోట చాపలా పేరుకుంటుంది. ఫ్యాన్‌లు ఊడదీస్తే తప్ప తెలియదు. పుల్‌లో దుమ్ము రేడియేటర్ బయటి ముఖం మీద పడుతుంది. ముందు పలక తీసి మెత్తటి బ్రష్‌తో తుడిచేసుకోవచ్చు. రోడ్డు పక్కన ఇల్లు ఉన్నవాళ్ళకి, కింది అంతస్తులో షాపు ఉన్నవాళ్ళకి నేను పుల్‌నే సూచిస్తాను.

మరి పుష్ పుల్ సంగతి? ఫ్యాన్‌లు రెట్టింపు పెడితే గాలి రెట్టింపు రాదు. వెనకా ముందూ పెట్టిన ఫ్యాన్‌లు బలాన్ని పెంచుతాయి, పరిమాణాన్ని కాదు. మందమైన రేడియేటర్‌కి, రెక్కలు దట్టంగా ఉన్నదానికి, ఫ్యాన్‌లు నెమ్మదిగా తిప్పాలనుకున్నప్పుడు ఉపయోగం కనబడుతుంది. 27 మిల్లీమీటర్ల ఏఐఓకి ఇంకో మూడు ఫ్యాన్‌ల డబ్బు పెట్టడం నా దృష్టిలో అనవసరం.

ఇక అసలు ప్రశ్న. రేడియేటర్ పైన పెట్టి వేడి గాలి బయటికి తోసెయ్యాలా, ముందు పెట్టి చల్లగాలి లోపలికి లాగాలా? సికింద్రాబాద్ సీటీసీలో కంప్యూటర్ కట్టించుకున్నా, మీరే ఇంట్లో కట్టుకున్నా, ఇక్కడే వాదన మొదలవుతుంది. వాదించే బదులు లెక్క వేద్దాం.

పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే ఒక స్టూడియో అనుకుందాం. వైశాఖం, జ్యేష్ఠం ముహూర్తాలంటే మే నెల. సరిగ్గా ఎండలు మండేటప్పుడే పని ఎక్కువ. రాత్రి ఎక్స్‌పోర్ట్ పెట్టి పడుకుంటే పొద్దున్నకి అయిపోవాలి. ఏసీ లేని గది, 38 డిగ్రీలు. ఎక్స్‌పోర్ట్ నడుస్తున్నప్పుడు ప్రాసెసర్ 200 వాట్లు, గ్రాఫిక్స్ కార్డు 300 వాట్లు వేడి ఇస్తున్నాయి. ప్రాసెసర్‌కి 360 ఏఐఓ ఉంది, గ్రాఫిక్స్ కార్డుకి దాని సొంత ఫ్యాన్‌లే ఉన్నాయి. క్యాబినెట్‌లోకి వచ్చే గాలి 60 సీఎఫ్‌ఎం. ఈ రేడియేటర్ తనకి అందిన గాలికన్నా నీళ్ళని 10 డిగ్రీలు ఎక్కువలో ఉంచగలదు అనుకుందాం.

మొదటి పద్ధతి, రేడియేటర్ పైన, గాలి బయటికి. బయటి గాలి 38 డిగ్రీల దగ్గర లోపలికి వస్తుంది. గ్రాఫిక్స్ కార్డు 300 వాట్లు అందులో కలుపుతుంది. ఇందాకటి లెక్క ప్రకారం 9 డిగ్రీలు పెరిగి 47 అవుతుంది. ఆ 47 డిగ్రీల గాలి రేడియేటర్‌కి అందుతుంది. దానికి 10 కలిపితే నీళ్ళు 57 డిగ్రీలు.

రెండో పద్ధతి, రేడియేటర్ ముందు, గాలి లోపలికి. రేడియేటర్‌కి అందేది 38 డిగ్రీల గాలి. నీళ్ళు 48 డిగ్రీలు. కానీ రేడియేటర్ దాటిన గాలి 6 డిగ్రీలు వేడెక్కి 44 డిగ్రీలతో గ్రాఫిక్స్ కార్డుకి అందుతుంది.

అంటే ప్రాసెసర్ 9 డిగ్రీలు బాగుపడింది, గ్రాఫిక్స్ కార్డు 6 డిగ్రీలు నష్టపోయింది. నిజం మెషీన్‌లో గాలి ఇంత సమంగా కలవదు. గ్రాఫిక్స్ కార్డు వేడిలో కొంత వెనక ఫ్యాన్ నుంచి నేరుగా పోతుంది. కాబట్టి తేడాలు దీనికన్నా కాస్త తక్కువే ఉంటాయి. కానీ లెక్క దిశ ఇదే. గమనించారా, రెండు పద్ధతుల్లోనూ బయటికి పోయే మొత్తం వేడి 500 వాట్లే. ఎవరికి ముందు చల్లగాలి అందాలి అనేదే మనం ఎంచుకుంటున్నాం. వడ్డన వరుసలో ఎవరిని ముందు కూర్చోబెట్టాలి అన్నట్టు.

ఇక్కడ ఇంకో హద్దు ఉంది. చాలా పంపుల తయారీదారులు నీళ్ళు 60 డిగ్రీలు దాటనివ్వొద్దంటారు. మొదటి పద్ధతిలో గది 41 డిగ్రీలకి చేరితే నీళ్ళు సరిగ్గా ఆ 60 దగ్గరుంటాయి. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గది 41 చేరడం వింతేమీ కాదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటాం, మరి పంపు ఎంత? చల్లటి దేశాల్లో 22 డిగ్రీల గదిలో తీసిన రివ్యూలు చూసి పైన పెట్టుకుంటే వాళ్ళకి నీళ్ళు 41 దగ్గర ఆగుతాయి. అక్కడ ఏ పద్ధతైనా నడిచిపోతుంది. మనకి ఆ వెసులుబాటు లేదు.

కాబట్టి ఎవరికి ఏది? ఎక్కువగా గేమ్స్ ఆడేవాళ్ళయితే ప్రాసెసర్ పూర్తి బలంతో పనిచేయదు, భారమంతా గ్రాఫిక్స్ కార్డు మీదే. అప్పుడు రేడియేటర్ పైన, గాలి బయటికి. కార్డుకి చల్లగాలి ముందు అందుతుంది. ప్రాసెసర్ మీదే భారం, గ్రాఫిక్స్ కార్డు ఖాళీ అనుకోండి, అప్పుడు క్యాబినెట్‌లో గాలి ఎలాగూ చల్లగానే ఉంటుంది, పైన పెట్టినా ఇబ్బంది లేదు. రెండూ ఒకేసారి గంటల తరబడి పనిచేసే ఎడిటింగ్, రెండరింగ్ మెషీన్లకి రేడియేటర్ ముందో పక్కనో పెట్టి గాలి లోపలికి లాగించండి. గ్రాఫిక్స్ కార్డు కోసం కింద రెండు ఫ్యాన్‌లు పెట్టి విడిగా చల్లగాలి ఇవ్వండి. పైనా వెనకా ఫ్యాన్‌లు బయటికి ఊదాలి. ఇలా చేస్తే ఎవరి విస్తరి వాళ్ళకి వేసినట్టు ఉంటుంది.

వేడి గాలి పైకే పోతుంది కదా, పైనుంచి లోపలికి లాగితే ప్రకృతికి విరుద్ధం కదా అని కొందరంటారు. పైకి పోవడం నిజమే, కానీ ఇంత చిన్న పెట్టెలో ఆ బలం చాలా తక్కువ. ఫ్యాన్ ముందు అది నిలబడదు. దాన్ని పట్టించుకోనవసరం లేదు. పట్టించుకోవాల్సింది వేరే ఉంది. బయటికి ఊదిన వేడి గాలినే పక్కనున్న ఇంకో ఫ్యాన్ మళ్ళీ లోపలికి పీలుస్తోందా? టేబుల్ కింద చెక్క అరలో క్యాబినెట్ పెట్టినవాళ్ళకి ఇదే జరుగుతుంది. వెనక గోడకి కనీసం ఒక జానెడు ఎడం ఉంచండి. మూడు వైపులా మూసిన అరలోంచి బయటికి తీయండి. ఒక్క పైసా ఖర్చు లేకుండా దొరికే లాభం ఇది.

ఇప్పుడు పంపు, గాలి బుడగ గురించి. ఇది మాత్రం జాగ్రత్తగా వినండి, ఎందుకంటే ఇక్కడ పొరపాటు చేస్తే మొత్తం కూలరే పోతుంది. ఏఐఓలో నీళ్ళు వంద శాతం నిండి ఉండవు. కొంచెం గాలి ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ గొట్టాల రబ్బరులోంచి నీళ్ళు ఆవిరై కొద్దికొద్దిగా తగ్గుతాయి, గాలి పెరుగుతుంది. గాలి ఎప్పుడూ లూప్‌లో అన్నిటికన్నా ఎత్తైన చోటికి చేరుతుంది. ఆ ఎత్తైన చోటు రేడియేటర్ ట్యాంకు అయితే నష్టం లేదు. అది పంపు అయితే, పంపు నీళ్ళు లేకుండా తిరుగుతుంది. గరగరమని చప్పుడొస్తుంది, ప్రాసెసర్ వేడెక్కుతుంది, పంపు ఆయుష్షు తగ్గిపోతుంది.

ఎక్కువ ఏఐఓల్లో పంపు ప్రాసెసర్ మీద ఉండే బ్లాక్‌లోనే ఉంటుంది. అందుకని అలాంటి ఏఐఓ రేడియేటర్‌ని క్యాబినెట్ అడుగున పెట్టొద్దు. ముందు పెట్టేటప్పుడు రేడియేటర్ పై అంచు పంపు కన్నా ఎత్తులో ఉండాలి. గొట్టాలు కింద వైపు వస్తే ఇంకా మంచిది. అప్పుడు గాలి పైన ట్యాంకులో ఉండిపోతుంది, గొట్టాలు నీళ్ళలోనే ఉంటాయి. గొట్టాలు కిందికి చేరేంత పొడవు లేకపోతే పైనే ఉంచినా ఫరవాలేదు, రేడియేటర్ పై అంచు మాత్రం పంపుని దాటాలి, అప్పుడప్పుడు బుడబుడమనే చప్పుడు రావచ్చు. కొన్ని మోడళ్ళలో పంపు రేడియేటర్‌లో ఉంటుంది, మీది ఎక్కడుందో ముందు మాన్యువల్‌లో చూసుకోండి. రిజర్వాయర్ ఉన్న సొంత లూప్ అయితే రిజర్వాయర్ ఎత్తులో, పంపు దాని కింద. అప్పుడు రేడియేటర్ అడుగున పెట్టినా ఇబ్బంది లేదు.

దుమ్ము గురించి రెండు మాటలు. లోపలికి వచ్చే గాలి బయటికి పోయే గాలికన్నా కాస్త ఎక్కువ ఉండేలా చూసుకోండి. అప్పుడు సందుల్లోంచి గాలి బయటికి పోతుంది, లోపలికి వచ్చేదంతా ఫిల్టర్ గుండానే వస్తుంది. బయటికి ఊదే ఫ్యాన్‌లు మరీ ఎక్కువైతే ప్రతి సందులోంచీ దుమ్ము లోపలికి లాగబడుతుంది. ఫిల్టర్లు మన దగ్గర నెలకోసారైనా దులపాల్సిందే. బ్లోయర్‌తో రేడియేటర్ శుభ్రం చేసేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి. వదిలేస్తే విపరీతమైన వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది.

ఫ్యాన్ వేగం ఎలా పెట్టుకోవాలి? ఫ్యాన్ వేగం రెట్టింపు చేస్తే గాలి రెట్టింపు అవుతుంది, కానీ అది తినే కరెంటు ఎనిమిది రెట్లు, చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ పెరుగుతుంది. చల్లదనం మాత్రం ఒక హద్దు దాటాక పెద్దగా పెరగదు. ఇంకో సంగతి, రేడియేటర్ ఫ్యాన్‌లని ప్రాసెసర్ ఉష్ణోగ్రతకి ముడిపెట్టొద్దు. ప్రాసెసర్ ఒక్క క్షణంలో 50 నుంచి 80కి ఎగిరి మళ్ళీ దిగుతుంది. ఫ్యాన్‌లు దానితో పాటు ఊళ పెడతాయి, ఆపుతాయి. నీళ్ళు అలా ఎగరవు. వీలుంటే నీళ్ళ ఉష్ణోగ్రతకి ముడిపెట్టండి. సెన్సార్ లేకపోతే బయోస్‌లో ఫ్యాన్ స్పందించే ఆలస్యాన్ని పెంచుకోండి.

నీళ్ళు నిదానంగా వేడెక్కుతాయి కాబట్టే ఐదు నిమిషాల టెస్ట్ చూసి సంతోషపడొద్దు. ఏ మార్పు చేసినా కనీసం అరగంట పూర్తి లోడ్ నడిపి, నీళ్ళ అంకె ఒక చోట నిలబడ్డాక రాసుకోండి. గది ఉష్ణోగ్రత పక్కనే రాసుకోండి. పొద్దున్న ఒక టెస్ట్, మధ్యాహ్నం ఒక టెస్ట్ చేసి పోల్చాలంటే నీళ్ళ లోంచి గదిని తీసేసి, తేడాని తేడాతో పోల్చాలి.

ఇంకో సులువైన పరీక్ష. అరగంట లోడ్ నడిచాక క్యాబినెట్ పక్క పలక తీసెయ్యండి. ఇంకో పావుగంట నడపండి. నీళ్ళు ఒకటి రెండు డిగ్రీలే తగ్గితే మీ గాలి దారి బాగానే ఉంది. ఐదారు డిగ్రీలు పడిపోతే క్యాబినెట్ ఊపిరాడక అవస్థ పడుతోందని అర్థం. ముందు గాజు పలక ఉంటే జాలీ ఉన్న క్యాబినెట్‌కి మారడం కొత్త రేడియేటర్ కొనడం కన్నా మంచి ఖర్చు.

చివరిగా గది. కంప్యూటర్ తిన్న కరెంటు అంతా చివరికి గదిలో వేడిగానే మిగులుతుంది. 600 వాట్ల మెషీన్ అంటే తలుపులు మూసిన గదిలో 600 వాట్ల హీటర్ పెట్టుకున్నట్టే. పదడుగుల గదిలో రాత్రంతా నడిస్తే గది వేడెక్కుతుంది, దానితో పాటు నీళ్ళూ వేడెక్కుతాయి. వాటర్ కూలింగ్ గదికన్నా చల్లగా ఎన్నటికీ చేయలేదు. కిటికీ తెరవండి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టండి. ఏసీ ఉంటే, ఒక టన్ను అంటే మూడున్నర వేల వాట్లు కాబట్టి ఈ మెషీన్ అందులో ఆరో వంతు దాకా తినేస్తుందని లెక్క వేసుకోండి. ఎయిర్ కూలర్ వాడేవాళ్ళు దాన్ని క్యాబినెట్ మీదికి నేరుగా తిప్పొద్దు, తుంపర్లు పడతాయి. తేమ గాలికి రేడియేటర్ మీద చెమ్మ పడుతుందేమోనని భయం వద్దు. రేడియేటర్ ఎప్పుడూ గదికన్నా వేడిగానే ఉంటుంది కాబట్టి పట్టదు. కానీ తేమకి దుమ్ము ముద్దగా అతుక్కుంటుంది, శుభ్రం చేయడం ఎక్కువ సార్లు చేయాలి.

మే నెలలో ఇవన్నీ చేసినా చాలకపోతే ప్రాసెసర్ పవర్ లిమిట్ కాస్త తగ్గించండి. కోర్ ఐ9 14900కె 253 వాట్ల దాకా లాగగలదు. దాన్ని 180 దగ్గర కట్టేస్తే ఎక్స్‌పోర్ట్ కొంచెం ఆలస్యమవుతుంది గానీ మనం చెప్పుకున్న రెండు తేడాలూ ఒకేసారి తగ్గుతాయి. రాత్రి పెట్టిన పని మధ్యలో ఆగిపోవడం కన్నా కాస్త నెమ్మదిగా పూర్తవడం నయం కదా.

సరేనండీ, ఈ వారం ఒక్క పని చేయండి. గది, నీళ్ళు, చిప్, ఈ మూడు అంకెలూ ఒక కాగితం మీద రాయండి. గదికీ నీళ్ళకీ మధ్య తేడా పది, పన్నెండు లోపుంటే రేడియేటర్ జోలికి వెళ్ళకండి. ఇరవై దాటితే ముందు అర, గోడ, ఫిల్టర్, ఫ్యాన్ దిశ, ఈ వరుసలో చూసుకుంటూ రండి. అప్పటికీ తగ్గకపోతే అప్పుడు షాపుకి వెళ్దురుగాని. మీ అంకెలు కింద రాయండి, క్యాబినెట్ మోడల్, రేడియేటర్ ఎక్కడుందో కూడా చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో రెండో తేడా గురించి, అంటే థర్మల్ పేస్ట్, బ్లాక్ బిగింపు గురించి మాట్లాడుకుందాం. అందాకా సెలవు, నమస్కారం.